మాస్టారు కొట్టేసిన ఎనిమిది ఆవర్తాలు

మతౌష్ ద్రాబెక్ మాస్టారి ఆరు నాందుల స్వరప్రతుల ఆల్బమ్ మా ఇంట్లో గడియారం కింద బల్ల మీద ఉంటుంది. ఆకుపచ్చ అట్ట, బంగారు అక్షరాలు, లైప్‌జిగ్‌లో అచ్చయింది. దానికి ముందుమాట రాసిన పండితుడు ఆరో నాంది దగ్గర చాలా కష్టపడ్డాడు. దాని పేరు 'పచ్చికబయలు మీద వసంతోదయం' కాబట్టి అందులో మంచు కరుగుతుందనీ, గొర్రెల కాపరి ఆవులించి లేస్తాడనీ, దూరాన కోకిల కూస్తుందనీ రాశాడు. ఆ నాంది మొట్టమొదట వాయించిన రోజు నగారాల వెనక నిలబడ్డవాణ్ణి నేనే. ఆ పండితుడు కోకిల అనుకున్నది మా ఊరి దండులోని సార్జెంటు. ముందుపళ్ళు నాలుగూ ఒక్కసారి ఊడితే మనిషి అలాగే కూస్తాడు. మాస్టారి చెల్లెలు లుద్మిలా అక్క ఆ కూతని కూడా ఫ్లూటుకి రాసి అచ్చుకిచ్చిందని నా అనుమానం.

నా పేరు కష్పర్. పీపాలు కట్టేవాణ్ణి. మా ఊరు క్రాలిన్‌లో బీరు తాగిన ప్రతివాడూ నా చేతి పీపాలోంచి తాగినవాడే. బళ్ళో నాలుగేళ్ళు చదివాను, అందులో రెండేళ్ళు ఒకటే తరగతి. పగలంతా పీపా పట్టాల మీద సుత్తితో కొట్టేవాడికి సాయంత్రం థియేటర్లో రాగి నగారాల మీద కర్రతో కొట్టడం విశ్రాంతి లాంటిది. అసలు నగారా వాడి పని కొట్టడం కాదు, కొట్టకుండా ఉండడం. డెబ్బై ఆవర్తాలు ఊరికే నిలబడి లెక్కపెట్టుకుని, డెబ్బై ఒకటో దానికి ఒక్కటి వెయ్యాలి. మధ్యలో తుమ్ము వస్తే ఆ తుమ్ము కూడా లెక్కలోనే తుమ్మాలి.

మాస్టారు పొట్టి మనిషి. కోపం మాత్రం పొడుగు. రెండో ఫిడేలువాడు ఒకసారి శ్రుతి తప్పితే, వాడి ఫిడేలు లాక్కుని వాడి నెత్తినే కొట్టాడు. ఫిడేలు పగిలి మెడలోకి దిగింది. వాడు దాన్ని తియ్యకుండా అలాగే ఇంటికి వెళితే పెళ్ళాం గుర్తుపట్టక తలుపు వేసేసిందని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. సిరాబుడ్డి విసరడంలో ఆయన గురి తప్పేది కాదు. మా బృందంలో ఇరవై ముగ్గురం ఉండేవాళ్ళం, సిరా మచ్చ లేని చొక్కా ఒక్కటీ ఉండేది కాదు.

అంత కోపానికి ఓ కారణం ఉంది. ఆయన సంగీత నాటకాలు రాయాలనుకున్నాడు. నాటకానికి మాటలు కావాలి. మాటలు మమ్మల్ని ఏలే వియన్నా వాళ్ళ సెన్సారు కత్తెర కిందకి వెళ్ళాలి. వెళ్ళిన ప్రతి నాటకం పేరు, చివరి తెర తప్ప ఏమీ మిగలకుండా తిరిగొచ్చేది. తెర లేవకముందు వాయించే నాందికి మాత్రం మాటలుండవు కాబట్టి దాన్ని ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. అలా ఆయన దగ్గర అయిదు నాందులు పోగయ్యాయి, ఒక్క నాటకమూ లేదు. బీరు కొట్లో జనం ఏడిపించేవాళ్ళు.

"మాస్టారూ, గుమ్మాలు అయిదు కట్టారు, ఇల్లెప్పుడు కడతారు?"

అన్నవాడి మీదికి బీరు కప్పు వెళ్ళేది. మూడో నాంది మొదటిసారి వాయించినప్పుడైతే కింద మెత్తటి కుర్చీల్లోని జర్మన్ షావుకార్లు వెక్కిరింతగా ఈల వేశారనీ, పై అటక మీద మన వాళ్ళు చప్పట్లు కొట్టారనీ మొదలై, ఓ గంట సేపు కప్పులు గాల్లోనే ఉన్నాయి. ఒక కప్పు ఇంకా కింద పడలేదని మా బావ ప్రమాణం చేసి చెప్పేవాడు.

మా బావ అంటే మా ఆవిడ బార్బొరాకి అన్న, ఒంద్రెయ్. కమ్మరి. బృందంలో పెద్ద డోలు వాయించేవాడు. కొలిమి దగ్గర ముప్ఫై ఏళ్ళు నిలబడి సగం చెవుడు వచ్చింది. కానీ లెక్క తప్పడం ఎరగడు. "వినేవాడు ఇతరుల మీద ఆధారపడతాడురా కష్పర్, లెక్కపెట్టేవాడు ఎవడి మీదా ఆధారపడడు" అనేవాడు. ఆ మాటే తన ప్రాణం మీదికి వస్తుందని అప్పుడు ఎవరికీ తెలియదు.

ఇక విషయానికి వస్తాను. పద్దెనిమిది వందల నలభై ఎనిమిదో సంవత్సరం, జూన్ నెల. ప్రాగ్ మీద ఫిరంగులు పేలుతున్నాయన్న కబురు మా ఊరికి వచ్చింది. మా సాలెవాళ్ళు మగ్గాలు విరిచి వంతెన మీద అడ్డంగా పోశారు. కెప్టెన్ ఎగ్‌హార్ట్ దండు వంతెన దాటింది. అక్కడ నేను పీపా కోతలు కొయ్యను. పధ్నాలుగుమంది పడ్డారు. రాతి మీద నెత్తురు ఎండలో ఆరక, మర్నాడు వంతెన దాటిన బండి చక్రాలు ఊరంతా ఎర్ర గీతలు గీశాయి. మా తమ్ముడు వీట్ మగ్గం దుంగతో ఒక కార్పొరల్ తల పగలగొట్టాడు. ఆ కార్పొరల్ మూడో రోజు చనిపోయాడు. వీట్‌ని పట్టుకుని, దవడ విరిగేలా కొట్టి, పురపాలక భవనం కింది కొట్లో పడేశారు. వచ్చే సోమవారం పొద్దున గోడకి నిలబెట్టి కాల్చాలని తీర్పు. ఆదివారం వద్దన్నాడు కెప్టెన్. ఆదివారం ఆయన కచేరీ పెట్టించాడు. ఊరు చల్లబడిందని పైవాళ్ళకి చూపించుకోవాలి.

కెప్టెన్ చెడ్డవాడే గాని సంగీతం తెలిసినవాడు. రోజూ పొద్దున బారకాసుల కిటికీ దగ్గర ఫ్లూటు వాయించేవాడు. బాగా వాయించేవాడు కూడా. అదే మా కర్మ.

మంగళవారం మధ్యాహ్నం మాస్టారు నా కొట్టుకి వచ్చాడు. నేను పీపా అడుగు బిగిస్తున్నాను. బిగించడం కాదు, బాదుతున్నాను. ఏడవడం చేతకానివాడు అలాంటి పనే చేస్తాడు.

"మీ బావని పిలు. ఒక గోడ చూడాలి."

"ఏ గోడ మాస్టారూ?"

"నీకెన్ని గోడలు కావాలి? థియేటర్ కింది నేలమాళిగది. దానికి అవతల మీ తమ్ముడు ఉన్నాడు."

ముగ్గురం దిగాం. థియేటరూ పురపాలక భవనమూ ఒకే కప్పు కింద ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. నేలమాళిగలో పాత తెరలు, ఎలకలు, బొగ్గు కుప్ప. బొగ్గు పోసే చిన్న కిటికీ సందులోకి తెరుచుకుంటుంది. బావ గోడ మీద వేలి కణుపుతో తట్టి, చెయ్యి ఆనించి, వైద్యుడిలా నాడి చూశాడు.

"ఇటుక, సున్నం, వెనకాల రాయి. నూట ఇరవై."

"నూట ఇరవై ఏంటి బావా?"

"దెబ్బలు. పొద్దున్నే కడుపునిండా కుడుములు తింటే నూట పది."

"ఒక్కో దెబ్బకీ ఎంత ఎడం కావాలి?" అన్నాడు మాస్టారు.

"ఊపిరి తీసుకునేంత."

మాస్టారు బావ వీపు మీద చెయ్యి వేసి వాడి ఊపిరి లెక్కపెట్టాడు. ఆ ఊపిరి నడకనే నాందికి నడకగా పెట్టాడు. ఆల్బమ్ చూడండి, అయిదింటికీ మామూలు గుర్తులున్నాయి. ఆరోదానికి మాత్రం 'పనిచేసే మనిషి ఊపిరిలా' అని ఉంటుంది. పండితుడు దాని మీద రెండు పేజీలు రాశాడు.

ఎత్తు ఇది. పైన నేను నగారా మీద కొట్టిన ప్రతి దెబ్బకీ కింద బావ సుత్తి గోడ మీద పడాలి. విని కొడితే ఆలస్యం అవుతుంది. నాతో పాటే పడాలంటే నా వంతు కాగితం మొత్తం వాడికి కంఠతా రావాలి. నూట ఇరవై నాలుగు దెబ్బలు. అవి అయ్యాక ఫిడేళ్ళతో చాలా సేపు నెమ్మదైన భాగం. ఆ సేపట్లో బావ వీట్‌ని బొగ్గు కిటికీలోంచి బయటికి తోసి, ముఖం కడుక్కుని, పైకొచ్చి, చివర్లో తన పెద్ద డోలు దగ్గర నిలబడి ఏమీ ఎరగనట్టు వాయించాలి. ఆ కిటికీలోంచి వీట్ దూరతాడు. బావ పట్టడు, వాడి భుజం కూడా పట్టదు. అందుకే వాడికి మెట్ల దారి ఒక్కటే.

"మాస్టారూ, పట్టుబడితే మిమ్మల్ని కూడా గోడకి నిలబెడతారు" అన్నాను.

"పదేళ్ళుగా నాందులు రాస్తున్నాను. ఇన్నాళ్ళకి ఒకదాని వెనకాల నాటకం దొరికింది. నోరు మూసుకుని నగారాలకి కొత్త తోలు వెయ్యి."

నాలుగు రోజుల్లో రాశాడు. తిండి లేదు, నిద్ర లేదు. ఆయన చెల్లెలు లుద్మిలా అక్క, మొగుడు పోయి అన్న దగ్గరే ఉండేది, తడి ఆరకముందే ఒక్కో కాగితమూ లాక్కుని ఇరవై ముగ్గురికీ వంతులు నకలు తీసేది. ఇరవై నాలుగో నకలు బావకి. వాడు దాన్ని తోలు ఏప్రాన్‌లో పెట్టుకుని కొలిమి దగ్గర వల్లెవేశాడు. మాస్టారు దానికి 'ఒంటికన్ను సేనాని' అని పేరు పెడితే కెప్టెన్ కొట్టేసి, తనే 'వసంతోదయం' అని రాసి సంతకం చేశాడు. చక్రవర్తి దండుని తరిమిన పాతకాలం నాటి మా ఒంటికన్ను సేనాని చనిపోతూ తన చర్మం వొలిచి డోలుకి వెయ్యమన్నాడని మా దగ్గర పిల్లలకి చెబుతారు. ఆ పేరు దండు వాళ్ళకి ఇప్పటికీ గిట్టదు.

రాసింది రాసినట్టు మేము రోజూ సాధన చేశాం. వీట్ ఉన్న కొట్టు బయట కాపలా ఉన్న ఇద్దరు సిపాయిలూ మొదటి రోజు ఉలిక్కిపడ్డారు. రెండో రోజు తిట్టుకున్నారు. మూడో రోజు నగారా మోగుతుంటే చీట్లాడుకున్నారు. మాకు కావలసింది అదే.

శనివారం వీట్‌కి కుడుములు తీసుకెళ్ళాను. దవడ వాచి వాడి ముఖం రెండు ముఖాలంత ఉంది. సిపాయి మా పక్కనే నిలబడ్డాడు, మా భాష రాదు.

"అన్నా, కుడుముల్లో మాంసం పెట్టలేదేం?"

"సోమవారం పోయేవాడికి మాంసం దండగంది మీ వదిన."

వాడు నవ్వబోయి దవడ పట్టుకున్నాడు. "వదినకి చెప్పు, దయ్యమై వచ్చి వంటింట్లోనే ఉంటానని."

"రేపు నాలుగింటికి మాస్టారి కొత్త నాంది. ఈ గోడవైపు తల పెట్టి పడుకోకు. ఆ మూలకి జరుగు."

"అంత గట్టిగా ఉంటుందా?"

"ఇల్లు ఖాళీ చేసేంత."

వాడు నా కళ్ళలోకి చూశాడు. కుడుము నములుతూ, "సరే, మూలకే జరుగుతాలే" అన్నాడు.

ఇప్పుడు ఆదివారం పొద్దున జరిగింది చెప్పాలి. దీన్ని నేను ఎంత తిప్పి చెప్పినా మంచిగా కనపడదు.

మాస్టారు ఆ పొద్దున స్వరప్రతి మళ్ళీ ఒకసారి చూసుకున్నాడు. అరవయ్యో దెబ్బ తరవాత ఎనిమిది ఆవర్తాలున్నాయి, ఒక్కో ఆవర్తానికీ ఒక్కో దెబ్బ, పైన ఫిడేళ్ళ పాట. ఆ పాట ఆయనకి నచ్చలేదు. పెళ్ళి ఊరేగింపు పాటలా ఉందన్నాడు. నిజంగా అలాగే ఉండేది. మనిషి ప్రాణం గోడ అవతల ఉంది, రేపు పొద్దున తుపాకులు సిద్ధం, అయినా ఆయన చెయ్యి ఊరుకోలేదు. ఆ ఎనిమిదీ కొట్టేశాడు. లెక్క తగ్గకూడదని చివర్లో ఎనిమిది దెబ్బలు కలిపాడు. ఆ ఎనిమిదీ పోయాక అరవయ్యో దెబ్బ తరవాత వెంటనే మహా నిశ్శబ్దం వస్తుంది, రెండు ఆవర్తాలు, మొత్తం బృందం ఊపిరి బిగబట్టి నిలబడాలి. అది ఎంత బాగుంటుందో చెబుతూ చేతులు రుద్దుకున్నాడు.

లుద్మిలా అక్క ఇరవై మూడు చీటీలు రాసి, జిగురు పూసి, ఇరవై మూడు స్టాండ్ల మీద కాగితాలకి అంటించింది. ఏళ్ళ తరబడి ఆమె పద్ధతి అదే, స్టాండ్లు లెక్కపెట్టుకుంటూ పోవడం. పెద్ద డోలు స్టాండు మీద కూడా అంటించింది. బావ నగారా కాగితం మాత్రం ఏ స్టాండు మీదా లేదు, నేలమాళిగలో వాడి ఏప్రాన్‌లో ఉంది. నాకూ తట్టలేదు. నా స్టాండు మీద చీటీ ఉంది కదా.

నాలుగింటికి హాలు నిండింది. కెప్టెన్ ముందు వరసలో, తెల్ల చేతితొడుగులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గుమ్మాల దగ్గర ఆరుగురు సిపాయిలు, సార్జెంటు. పెద్ద డోలు వెనక ఎవరూ లేరు. అక్కడ మనిషి చివర్లోనే కావాలి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

మాస్టారు కర్ర ఎత్తాడు. మొదటి దెబ్బ వేశాను. నా పాదాల కింద నేల వణికింది. ఒక్క వెంట్రుకవాసి ఎడం లేదు, నా దెబ్బ లోపలే బావ దెబ్బ. రెండు, మూడు, పది. అటక మీద మన వాళ్ళు తాగడం ఆపారు. ఇరవై, ముప్ఫై. ముందు వరసలో ఒకావిడ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. అంత పెద్ద నగారా మా ఊళ్ళో ఎప్పుడూ మోగలేదు. ఆ మోతకి చెరువులో చేపలు ఒడ్డుకొచ్చి పడుకున్నాయని అంటారు, నేను చూడలేదు, కానీ నమ్ముతాను.

అరవై. మాస్టారు రెండు చేతులూ చాపాడు. మహా నిశ్శబ్దం. నా కర్రలు రెండూ గాల్లో ఉన్నాయి.

ధన్.

కింద నుంచి. ఒంటరిగా, నిండుగా, అందరి అరికాళ్ళలోంచీ.

బావ లెక్క తప్పలేదు. లెక్క మారిందని వాడికి ఎవరూ చెప్పలేదు. వాడి లెక్కలో ఇంకా ఏడు దెబ్బలున్నాయి. మూసిన నేలమాళిగలో, ఆ చెవులతో, పైన మేము ఆగిపోయామని వాడికి ఎలా తెలుస్తుంది?

కెప్టెన్ నా చేతులకేసి చూస్తున్నాడు. గాల్లో ఉన్న నా కర్రలకేసి.

మాస్టారి ముఖం సున్నం అయింది. పెదవులు కదిలాయి, 'నా ఎనిమిది' అన్నట్టు. కొట్టేసిన ఎనిమిదీ కింద నుంచి తిరిగొస్తున్నాయి. ఆయన ఎడమ చేత్తో బృందం మొత్తాన్ని ఆపి ఉంచాడు. నేను ముప్ఫై ఏళ్ళ జీవితంలో మొదటిసారి కాగితం వదిలేసి రెండో దెబ్బకి బావ చేతిని అనుసరించాను. వాడి ఊపిరి నాకు తెలుసు. రెండు, మూడు, నాలుగు. పాట లేదు, ఫిడేలు లేదు, నిశ్శబ్దంలో మా ఇద్దరి దెబ్బలే. ఎనిమిదో దెబ్బ అయ్యాక మాస్టారు ఇంకో రెండు ఆవర్తాలు ఆగి, అందరినీ ఒక్కసారి దూకించాడు. మళ్ళీ కింద, పైన ఒకటయ్యాయి. అంత చక్కగా కుదిరింది కాబట్టి ఎవడికీ అనుమానం రాలేదు.

ఒక్కడికి తప్ప. కెప్టెన్ లేచాడు. తొందర లేకుండా నడిచి వచ్చి, బృందం ముందున్న కమ్మీ దాటి, నా పక్కన నిలబడ్డాడు. నేను కొడుతూనే ఉన్నాను. ఆయన చేతితొడుగు వేసుకుని, వంగి, నా నగారా తోలు మీద అరచెయ్యి చదునుగా ఆనించాడు.

సంగీతం తెలిసినవాడే చేసే పని అది. చెయ్యి ఆనితే తోలు పలకదు. నా కర్ర టప్పుమంది. కింద నుంచి ధన్ మని మోగింది.

"మీ నగారాకి వేర్లున్నాయే" అన్నాడు మెల్లగా.

"వాయిస్తుంటే మధ్యలో మాట్లాడకండి దొరా" అన్నాడు మాస్టారు, తల తిప్పకుండా, కర్ర ఆపకుండా.

కెప్టెన్ కత్తి దూశాడు. మొదటి వేటు నా కుడి నగారా తోలుని అంచు నుంచి అంచుకి చీల్చింది. రెండో వేటు ఎడమదాన్ని. మూడోది నా మీదికి వచ్చేదే, మాస్టారు ఇనప స్టాండు ఎత్తి ఆయన ముఖాన కొట్టాడు. ముక్కు విరిగిన చప్పుడు నాకు దగ్గరగా వినిపించింది. కెప్టెన్ నెత్తురు కక్కుతూనే కత్తి విసిరాడు. అది మాస్టారి కుడి భుజంలో, మెడకి దగ్గరగా దిగింది.

అటక మీద నుంచి మొదటి బీరు కప్పు అప్పుడే వచ్చింది. తరవాత కప్పులు, బల్లలు, ఒక చర్చి పెద్దమనిషి టోపీ, మనిషితో సహా. సిపాయిలు తోసుకొచ్చారు. ట్రాంబోన్ వాయించే రొట్టెలవాడు గొట్టం ముందుకి తోసి సార్జెంటు పళ్ళు రాల్చింది అప్పుడే. ఒక సిపాయి తుపాకి మడమతో ఫ్లూటువాడి చెయ్యి విరిచాడు. పెద్ద ఫిడేలు ఒకటి తునకలై, దాని మెడని పట్టుకుని వాయిద్యగాడే గదలా తిప్పుతున్నాడు.

నేను లెక్కలో ఉన్నాను. ఎనభై తొమ్మిది. నగారా బోర్లించి రాగి అడుగు మీద కొట్టాను. కింద నుంచి దెబ్బ వస్తూనే ఉంది. ఆ గోల్లో వాడి దెబ్బ విడిగా వినపడకూడదు, దారి ఎటో తెలియకూడదు. తొంభై. నూరు. మాస్టారు మోకాళ్ళ మీద కూలి, కర్ర ఎడమ చేతిలోకి మార్చుకుని, ఇంకా కొలత వేస్తూనే ఉన్నాడు. వాయించేవాళ్ళు ముగ్గురం మిగిలాం. నూట ఇరవై నాలుగు. గోడ పడలేదు. ఇటుక వెనకాల రాయి బావ అనుకున్నదానికంటే మందం. నూట ముప్ఫై. నా కర్రలు విరిగాయి, పిడికిలితో కొట్టాను. నూట ముప్ఫై ఏడు.

తరవాత కింద చప్పుడు లేదు. గోడ పడింది.

కాపలా ఇద్దరూ గొడవ విని థియేటర్ వైపే పరిగెత్తారట. వీట్ ఆ కంతలోంచి పాక్కుంటూ వచ్చాడు. చివరి రాయి ఎడమ చెవిని సగం తీసుకుపోయింది. బావ వాణ్ణి ఎత్తి బొగ్గు కిటికీలోంచి సందులోకి విసిరాడు. అప్పటికే మెట్ల మీద బూట్లు. నెమ్మదైన భాగం పైన ఎవరూ వాయించలేదు, బావకి పైకి వచ్చే సందు దొరకలేదు. ఆ పెద్ద మనిషి మెట్లకి అడ్డంగా నిలబడి సుత్తితో ఇద్దర్ని పడగొట్టాడు. మూడోవాడు పైమెట్టు మీద నుంచి కాల్చాడు. ఆ తరవాత ఇంకో నలుగురు కాల్చారు. సందు చివర దాకా పరిగెత్తిన వీట్‌కి ఆ అయిదూ వినిపించాయి.

మాస్టారి తల నా ఒళ్ళో ఉంది. నోట్లోంచి నెత్తురు వస్తోంది.

"ఎన్ని?" అన్నాడు.

"నూట ముప్ఫై ఏడు మాస్టారూ."

ఆయన కళ్ళు మూసి తెరిచాడు. "చివర్లో తొందరపడ్డావు" అన్నాడు. అంతే. బతికినన్నాళ్ళూ నన్ను తిట్టాడు, పోతూ కూడా తిట్టే పోయాడు. అబద్ధం కాదు, నేను తొందరపడ్డాను.

నాకు నలభై బెత్తం దెబ్బలు, కొండ మీది కోటలో నాలుగేళ్ళు. కొట్టినవాడు ముప్ఫై తొమ్మిదికే ఆపాడు. లెక్క తప్పిందని నేను చెప్పలేదు. వీట్ సరిహద్దు దాటి సాక్సనీలో మగ్గం పెట్టుకున్నాడు.

కోట నుంచి తిరిగొచ్చిన వారానికి లుద్మిలా అక్క మా ఇంటికి వచ్చింది. బార్బొరా ఆమెని నాలుగేళ్ళుగా పలకరించలేదు. అక్క గుమ్మంలోనే నిలబడి స్వరప్రతి చాచింది. వేళ్ళకి ఇంకా జిగురు ఉన్నట్టే దాన్ని వదలకుండా పట్టుకుంది.

"అచ్చుకి పంపాలి కష్పర్. ఎన్ని దెబ్బలు వెయ్యను? ఆ ఎనిమిది ఆవర్తాలు పెట్టనా, తియ్యనా? పెడితే అన్నయ్య మాట కాదన్నట్టు. తీస్తే..."

నేను మా ఆవిడ వైపు చూశాను. బార్బొరా కుడుముల పిండి కలుపుతోంది. పిండిలోంచి చెయ్యి తియ్యలేదు.

"ఆ ఎనిమిదింట్లో పాట ఎలా ఉండేది?" అని నన్ను అడిగింది.

"చెత్తగా ఉండేది."

"అయితే పాట వద్దు. మా అన్న దెబ్బలు ఉంచండి."

అక్క తల ఊపింది. బార్బొరా, "నిలబడే ఉంటావేం, కూర్చో" అంది.

అచ్చులో అలాగే ఉంది. ఎనిమిది ఖాళీ ఆవర్తాలు, ఎవరికీ పాట లేదు, నగారాకి ఎనిమిది దెబ్బలు, పక్కన 'కింద నుంచి' అని. మొత్తం నూట ముప్ఫై ఏడు.

పోయిన వసంతంలో ప్రాగ్ నుంచి ఒక కుర్ర సంగీత నిర్వాహకుడు వచ్చి, మా థియేటర్లో ఆల్బమ్ మొత్తం వాయించాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ నన్ను నగారాల దగ్గర నిలబెట్టాడు. సాధనలో అడిగాడు, "తాతా, ఈ 'కింద నుంచి' అన్నదాని భావం ఏమిటంటారు? విధి అనుకోవచ్చా?" అనుకో నాయనా అన్నాను.

వీట్ కూడా వచ్చాడు. క్షమాభిక్ష వచ్చి చాలా ఏళ్ళయినా వాడు ఊళ్ళో అడుగుపెట్టడం అదే మొదలు. ముందు వరసలో, కెప్టెన్ కూర్చున్న వైపే, మిగిలిన చెవి మా వైపు తిప్పి కూర్చున్నాడు. ఆ ఎనిమిది దగ్గర తల ఎత్తలేదు. నేను తొందరపడలేదు. బావ ఊపిరి ఇంకా గుర్తుంది.

అయ్యాక బీరు కొట్లో వాడికి కప్పు అందించి, ఎలా ఉందిరా అన్నాను.

వాడు నురగ తుడుచుకున్నాడు.

"బాగానే ఉంది అన్నా. కానీ గోడకి అటువైపు నుంచి ఇంకా బాగుంది."